వాననీటి ట్యాంకుల మోటారు వేడెక్కుతుంటే ముందుగా నీటి దారిని చూడాలి

ఇంట్లో నీళ్ల మోటారు వేడెక్కి ఆగిపోతున్నదంటే మన చూపు నేరుగా మోటారు మీదికే పోతుంది. వైండింగ్ (లోపలి రాగితీగ చుట్టలు) పోయిందేమో, మోటారు తిరగడానికి ఊతమిచ్చే కెపాసిటర్ దెబ్బతిన్నదేమో, బేరింగులు అరిగాయేమో అనుకుంటాం. మెకానిక్‌ను పిలిస్తే ఆయన కూడా అక్కడి నుంచే మొదలుపెడతాడు. మునిసిపాలిటీ నీళ్లు నిండే సంపు నుంచి తోడే మోటారు విషయంలో ఈ పద్ధతి చాలావరకు సరిపోతుంది. మిద్దె మీద పడిన వాననీటిని ట్యాంకుల్లో పట్టి, వాటి నుంచి పైకి ఎక్కించే మోటారు విషయంలో మాత్రం వేడికి కారణం తరచుగా మోటారు బయట, నీళ్లు వచ్చే దారిలో ఉంటుంది. అనంతపురంలోని మా ఇంట్లో నిరుడు ఎదురైన ఇబ్బందిని, దాని మూలం దొరికిన తీరును, ఆ సందర్భంగా తెలుసుకున్న మరికొన్ని సంగతులను వివరంగా రాస్తున్నాను. వాననీటిని పట్టుకుంటున్న ఇళ్లు మా ఊళ్లో మెల్లగా పెరుగుతున్నాయి కనుక ఇది కొందరికైనా ఉపయోగపడుతుందని నా నమ్మకం.

ముందుగా మా ఏర్పాటు గురించి చెప్పాలి. అనంతపురం వానచాటు ప్రాంతం. ఇక్కడ ఏడాది సగటు వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. ఇంత తక్కువ వానకు ట్యాంకులెందుకని చాలామంది అడుగుతారు. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్లవుతాయి. మా మిద్దె 1000 చదరపు అడుగులు, అంటే దాదాపు 93 చదరపు మీటర్లు. ఏడాదంతా పడే వానలో ఆవిరైపోయేది, చిమ్మిపోయేది, మొదట వదిలేసే మురికినీళ్లు కలిపి ఐదో వంతు పోయినా, 40 వేల లీటర్లకు పైగా చేతికందుతాయి. బోరు నీళ్లలో ఉప్పు, ఫ్లోరైడ్ ఉన్న మా జిల్లాలో వంటకూ పప్పు ఉడకడానికీ ఇంతకంటే మంచి నీళ్లు దొరకవు. ఇంటి పక్క సందులో ఇటుకల దిమ్మె మీద వెయ్యి లీటర్ల నల్ల ప్లాస్టిక్ ట్యాంకులు రెండు పెట్టాము. మిద్దె మీది నుంచి వచ్చే గొట్టం మొదటి ట్యాంకులో దిగుతుంది. రెండు ట్యాంకుల అడుగులను ఒక అంగుళం పైపుతో కలిపాము, మధ్యలో ఒక గేట్ వాల్వు ఉన్నది. రెండో ట్యాంకు నుంచి అర హెచ్‌పీ మోటారు నీళ్లను తోడి, మెట్ల గది పైన ఉన్న 500 లీటర్ల చిన్న ట్యాంకుకు ఎక్కిస్తుంది. మొదటి ట్యాంకు నిండి పొర్లే నీళ్లు బోరు పక్కన తవ్వించిన ఇంకుడుగుంతలోకి పోతాయి.

ట్యాంకులు నిండుగా ఉన్నంతకాలం మోటారు చక్కగా పని చేసింది. నీళ్లు సగానికి దిగిన తర్వాత ఇబ్బంది మొదలైంది. స్విచ్ వేసిన పావుగంటా ఇరవై నిమిషాల వరకు అంతా మామూలుగా ఉండేది. తర్వాత మోటారు శబ్దం మారి, కాసేపటికి దానంతట అదే ఆగిపోయేది. ముట్టుకుంటే కాలేది. కొంతసేపు చల్లారనిచ్చి మళ్లీ వేస్తే తిరిగేది కానీ, ఈసారి చాలా తొందరగా ఆగిపోయేది. మరునాడు ఉదయం వేస్తే ఏ లోపమూ లేనట్లు మళ్లీ పావుగంట నడిచేది.

దానంతట అది ఆగి, చల్లారాక తిరిగి పని చేయడంలో విచిత్రమేమీ లేదు. ఇళ్లలో వాడే ఈ చిన్న మోటార్లలో చాలావాటికి వైండింగ్‌లోనే వేడిని కనిపెట్టే ఒక చిన్న రక్షణ పరికరం ఉంటుంది. వేడి హద్దు దాటితే అది కరెంటును తెంపుతుంది, చల్లారితే మళ్లీ కలుపుతుంది. దాని పుణ్యమా అని మోటారు కాలిపోకుండా మిగులుతుంది. అయితే దాని మీద భరోసా పెట్టుకొని రోజూ ఆగనిస్తూ, వేస్తూ పోవడం మంచిది కాదు. వైండింగ్ తీగ మీది విద్యుత్ నిరోధక పూత బి తరగతిదైతే 130 డిగ్రీల వరకు, ఎఫ్ తరగతిదైతే 155 డిగ్రీల వరకు తట్టుకుంటుంది. ఆ హద్దు మీద ప్రతి పది డిగ్రీలకు పూత ఆయుష్షు దాదాపు సగానికి తగ్గుతుందని మోటార్ల పని తెలిసినవారు లెక్క వేస్తారు.

వచ్చిన మెకానిక్ అనుభవం ఉన్న మనిషే. ఆయన వచ్చేసరికి మోటారు చల్లగా ఉన్నది. స్విచ్ వేసి చూశాడు. నీళ్లు బాగానే ఎక్కాయి. కెపాసిటర్ మార్చి చూశాడు. తేడా ఏమీ లేదు. ఫ్యాన్ చేత్తో తిప్పాడు, తేలికగానే తిరిగింది. చివరికి, "వైండింగ్ వీకైంటాది సార్, ఒకసారి కట్టిచ్చేస్తే సరిపోతాది" అన్నాడు. ఆయన ముందున్న ఆధారాలతో ఎవరైనా ఆ మాటే అంటారు. నాకు మాత్రం ఒక సందేహం తీరలేదు. వైండింగ్ బలహీనపడిన మోటారు ట్యాంకులు నిండుగా ఉన్నప్పుడు అరగంట నడిచి, సగం ఉన్నప్పుడు పావుగంటకే ఎందుకు ఆగుతుంది? ట్యాంకులో నీళ్లు ఎంత ఉన్నాయన్నది వైండింగ్‌కు తెలిసే విషయం కాదు కదా. అందువల్ల మోటారును విప్పించే ముందు, అది వేడెక్కుతున్న సమయంలో పక్కనే నిలబడి చూడాలని అనుకున్నాను.

ఇక్కడ అందరూ గమనించవలసిన ఒక ముఖ్యమైన విషయం ఉన్నది. "మోటారు కాలిపోతోంది" అని ఒక్కమాటలో అంటాం కానీ, ఆ యంత్రంలో రెండు భాగాలున్నాయి: వెనుక ఫ్యాన్ ఉన్న విద్యుత్ మోటారు, ముందు నీళ్లు తిరిగే పంపు హెడ్. వేడి ఈ రెండింటిలో ఎక్కడ మొదలవుతున్నదో తెలిస్తే సగం వెతుకులాట తీరిపోతుంది. పంపు హెడ్ చల్లగా ఉండి వెనుక భాగం మాత్రమే కాలుతుంటే కారణం విద్యుత్తులోనో, గాలి ఆడకపోవడంలోనో, బేరింగుల్లోనో ఉంటుంది. హెడ్ ముందు వేడెక్కి, ఆ వేడి వెనక్కు పాకుతుంటే నీళ్లు కదలడం లేదని అర్థం. నీళ్లు పారుతున్నంతసేపు హెడ్ ఆ నీళ్లంత చల్లగానే ఉంటుంది. పారే నీళ్లే దాన్ని చల్లబరుస్తాయి. మా మోటారులో వెనుక ఫ్యాన్ వైపు వేడి మామూలుగానే ఉండగా, పంపు హెడ్ మీద మాత్రం చేయి ఆనించలేనంత వేడి పుట్టింది.

చేతితో చూసే పరీక్షను వెనుక భాగానికి మాత్రం గుడ్డిగా నమ్మకూడదు. మనిషి చేయి 60 డిగ్రీల దగ్గరే వెనక్కు వచ్చేస్తుంది. చుట్టూ 40 డిగ్రీల ఎండ ఉన్నప్పుడు ఆరోగ్యంగా ఉన్న మోటారు పైభాగం కూడా ఆ వేడికి చేరుతుంది. మామూలుగా ఈ మోటార్లను చుట్టూ 40 డిగ్రీల వరకు ఉండే వాతావరణానికి లెక్కవేసి తయారు చేస్తారు. మే నెలలో మా ఊరి ఎండ ఆ గీత దాటుతుంది. అందుచేత వెనుక భాగం వేడిగా ఉన్నదన్న ఒక్క కారణంతో భయపడనక్కరలేదు. పంపు హెడ్ వేడెక్కితే మాత్రం ఏ కాలంలోనైనా వెంటనే స్విచ్ ఆపాలి.

నీళ్లు కదలకపోతే వేడి ఎంత వేగంగా పెరుగుతుందో లెక్క వేస్తే ఆశ్చర్యం కలుగుతుంది. అర హెచ్‌పీ అంటే 373 వాట్లు. పారని నీళ్లలో అందులో 300 వాట్లు వేడిగా మారాయనుకుందాం. హెడ్‌లో నిలిచిన నీళ్లు ఒక లీటరు అనుకుందాం. ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ వేడి చేయడానికి 4,186 జౌళ్ల శక్తి కావాలి. అంటే నిమిషానికి నాలుగు డిగ్రీలకు పైగా ఎక్కుతుంది. మొదట నీళ్లు 35 డిగ్రీలు ఉంటే పావుగంటలో దాదాపు మరిగే స్థితికి వస్తాయి. ఇనుప హెడ్ కొంత వేడిని బయటికి వదులుతుంది కనుక అసలు వేగం కొంచెం తగ్గవచ్చు, అంతే. కవ్వంతో ఒకే కుండలో చల్ల చిలికినట్లు ఇంపెల్లర్ (హెడ్‌లో నీళ్లను తిప్పే చక్రం) అవే నీళ్లను తిప్పుతూ ఉంటుంది. ఆ వేడికి ముందుగా చెడేది షాఫ్టు (మోటారు ఇరుసు) దగ్గర నీళ్లు కారకుండా ఆపే మెకానికల్ సీల్; ఆ తర్వాత హెడ్‌కు బిగించిన పీవీసీ పైపు మెత్తబడుతుంది. ఇలా వేడెక్కిన మోటారుకు ప్రైమింగ్ మూత (హెడ్‌లో నీళ్లు పోసే చోటి మూత) వెంటనే విప్పకూడదు. లోపలి నుంచి ఆవిరితో కలిసి వేడినీళ్లు మీదికి చిమ్ముతాయి.

సరే, మా మోటారుకు నీళ్లు ఎందుకు అందడం లేదు? మెకానిక్ వచ్చినప్పుడు రెండు ట్యాంకుల్లోనూ సగానికి నీళ్లున్నాయి. మూతలు తీసి చూస్తే రెండింటిలోనూ మట్టం సమానంగా ఉన్నది. మూతలు తీసి చూసింది మోటారు ఆగి చాలాసేపైన తర్వాత అన్న సంగతిని మాత్రం అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు.

ఎండలో ఉన్న నల్ల ట్యాంకులో నీళ్లు ఎంతవరకు ఉన్నాయో తెలుసుకోవడానికి మూత తీయనక్కరలేదు. సాయంత్రం నాలుగు గంటల ప్రాంతంలో ట్యాంకు గోడ మీద అరచేతిని పైనుంచి కిందికి జరుపుతూ రావాలి. నీళ్లు లేని పైభాగం చురుక్కుమంటుంది; నీటి మట్టం వచ్చిన చోట ఆ వేడి ఒక్కసారిగా తగ్గిపోతుంది. ఆ మార్పు రెండు వేళ్ల వెడల్పులోనే తెలిసిపోతుంది. సుద్దముక్కతో రెండు ట్యాంకుల మీదా ఆ చోట అడ్డంగా ఒక గీత గీసి, మోటారు వేసి, అక్కడే కూర్చున్నాను. ఐదారు నిమిషాలకొకసారి చేయి పెట్టి చూసి, కొత్త గీత గీస్తూ వచ్చాను. రెండో ట్యాంకు మీద గీతలు వరుసగా కిందికి దిగుతున్నాయి. మొదటి ట్యాంకు మీద కొత్త గీత పాతదాని మీదనే పడుతున్నది. అక్కడ నీళ్లు కదలడమే లేదు. పావుగంట దాటేసరికి రెండో ట్యాంకులో మట్టం బయటికి పోయే పైపు నోటి దాకా దిగింది. పైపులో గరగరమని గాలి చప్పుడు మొదలైంది, మోటారు మోత తేలికైంది, పైన ట్యాంకులో నీళ్లు పడే శబ్దం నిలిచిపోయింది. ఇంకొంతసేపటికి పంపు హెడ్ కాలసాగింది. వెంటనే ఆపేశాను.

రాత్రి భోజనాలయ్యాక టార్చి పట్టుకొని వెళ్లి మూతలు తీసి చూస్తే రెండో ట్యాంకులో మట్టం కొంత పెరిగి ఉన్నది. తెల్లవారేసరికి రెండూ సమానమయ్యాయి. దీంతో చిక్కంతా విడిపోయింది. రెండు ట్యాంకులను కలిపే పైపు పూడిపోయి, నీళ్లు అందులో నుంచి ఊటలా మాత్రమే వస్తున్నాయి. మా మోటారు నిమిషానికి సుమారు 25 లీటర్లు తోడుతుంది. సగం ఉన్న రెండో ట్యాంకులో పైపు నోటికి పైన ఉండే నాలుగు వందల లీటర్ల చిల్లర ఆ వేగానికి పదిహేడు నిమిషాలు కూడా చాలవు. తర్వాత అందేది గాలి కలిసిన కొద్దిపాటి నీళ్లు. వాటితో పంపు పైకి ఒత్తిడి పెంచలేదు. లోపల ఉన్న నీళ్లనే తిప్పుతూ మరిగిస్తుంది. మోటారు చల్లారే లోపల రెండో ట్యాంకులో కొన్ని నీళ్లు చేరతాయి. అందుకే రెండోసారి వేస్తే కొద్దిసేపే నడిచేది. రాత్రంతా వదిలేస్తే ఉదయం మళ్లీ పావుగంట నడిచేది. మెకానిక్ ఎప్పుడు వచ్చినా అన్నీ సవ్యంగా కనిపించడానికి కారణం కూడా ఇదే. ట్యాంకులు నిండుగా ఉన్నప్పుడు రెండో ట్యాంకులోని నీళ్లతోనే పైన 500 లీటర్లు నిండిపోయేవి కనుక, ఈ లోపం బయటపడే అవకాశమే లేకపోయింది.

మరునాడు ప్లంబరును పిలిపించి, కలిపే పైపును మధ్యలో కోయించాము. మొదటి ట్యాంకు వైపు నుంచి గోధుమ రంగు బురద, వెన్నలా నున్నగా, వేలితో తీస్తే చార పడేంత చిక్కగా వచ్చింది. దాన్ని బకెట్టులో కలిపి వంచితే అడుగున సన్నని ఇసుక మిగిలింది. గేట్ వాల్వు విప్పితే అసలు అడ్డు కనిపించింది. వేపాకుల ఈనెలు, వేపపూత కాడలు, ఒక పావురం ఈక ఒకదానికొకటి అల్లుకొని వాల్వు గొంతులో చాపలాగా పరుచుకున్నాయి. ఆ అల్లిక వెనుక బురద పేరుకుపోయింది. దాన్ని వేలితో కదిపిన వెంటనే మొదటి ట్యాంకు నీళ్లు ఒక్క ఉదుటున బయటికి దూకాయి.

ఇంత బురద ఎక్కడిదని ఆశ్చర్యపోనక్కరలేదు. జూన్ నుంచి ఆగస్టు దాకా ఇక్కడ వీచే గాలి సంగతి ఈ ప్రాంతంవారికి చెప్పాలా? రామగిరి గుట్టల మీద గాలిమరలు పెట్టింది ఆ గాలిని చూసే. ఆ నెలల్లో ఊరంతా లేచే ఎర్రదుమ్ము మిద్దెల మీద పొరలుగా పడుతుంది. పెద్ద వానలు సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో వస్తాయి. అంతకు ముందంతా చిన్న చిన్న జల్లులే. ఆ జల్లులకు దుమ్ము మిద్దె మీద నుంచి కదిలి గొట్టంలోకి దిగుతుంది కానీ, దాన్ని తోసుకుపోయేంత నీరు వెనుక రాదు. అది మొదటి ట్యాంకు అడుగున స్థిరపడుతుంది. కలిపే పైపు కూడా అదే అడుగున ఉంటే, నీటితో పాటు బురద దానిలోకి జారడం ఖాయం.

మొదటి వాననీళ్లను బయటికి వదిలే ఏర్పాటు మా ఇంట్లో ఉన్నది. నాలుగు అంగుళాల పైపు ముక్క, కింద మూత. చాలా ఇళ్లలో ఉండేది ఇదే. అది ఎంత పడుతుందో ఈ గొడవ తర్వాత లెక్క వేశాను. నాలుగు అంగుళాల పైపు మీటరు పొడవుకు సుమారు ఎనిమిదిన్నర లీటర్లు పడుతుంది. మూడు మీటర్ల పైపులో పట్టేది 25 లీటర్లే. 93 చదరపు మీటర్ల మిద్దె మీద ఒక్క మిల్లీమీటరు వానకు వచ్చేది 93 లీటర్లు. అంటే ఆ పైపు మొదటి పావు మిల్లీమీటరు వానను మాత్రమే బయటికి పంపుతున్నది. మిగిలిన దుమ్మంతా ట్యాంకులోకే పోతున్నది. కనీసం మొదటి ఒక మిల్లీమీటరునైనా వదిలించాలంటే అదే పైపుతో 11 మీటర్ల పొడవు కావాలి, అది కుదిరే పని కాదు. అందుకని ఆ పైపు అడుగుకు ఒక వంద లీటర్ల డ్రమ్మును కలిపించాము. డ్రమ్ము నిండిన తర్వాతనే నీళ్లు ట్యాంకు వైపు తిరుగుతాయి. డ్రమ్ము అడుగున సన్నగా కారే కుళాయి ఉన్నది. వాన వెలిసిన తర్వాత కొన్ని గంటల్లో అది ఖాళీ అయి తర్వాతి వానకు సిద్ధమవుతుంది. ఈ నీళ్లను మా అమ్మ జామచెట్టు పాదులోకి మళ్లించింది.

కలిపే పైపును ఒకటిన్నర అంగుళానికి మార్చి, గేట్ వాల్వు తీసేసి, తెరిస్తే గొంతు పూర్తిగా ఖాళీగా ఉండే బాల్ వాల్వు పెట్టించాము. దానికి రెండు వైపులా యూనియన్లు (విప్పి బిగించగల అతుకులు) వేయించడం వల్ల ఇకముందు పైపు కోయకుండానే విప్పి కడుక్కోవచ్చు. అన్నిటికంటే పనికొచ్చిన మార్పు మాత్రం మొదటి ట్యాంకు లోపల చేసింది. కలిపే పైపు నోటికి లోపలి వైపు ఒక ఎల్బో బిగించి, దాన్ని పైకి తిప్పి, ఆరంగుళాల పైపు ముక్క నిలబెట్టాము. దీంతో నీళ్లు అడుగు నుంచి కాక అంత ఎత్తు నుంచి రెండో ట్యాంకుకు పోతాయి. బురద అడుగునే ఆగుతుంది, దాన్ని కడగడానికి వేరే డ్రెయిన్ వాల్వు ఉన్నది. మొదటి ట్యాంకు అడుగున వందకు పైగా లీటర్లు వాడుకకు రాకుండా మిగిలిపోతాయి. దానికి మేము సంతోషంగానే ఒప్పుకున్నాము. రెండో ట్యాంకులో ఒక ఫ్లోట్ స్విచ్ వేలాడదీసి, మట్టం పైపు నోటికి జానెడు పైన ఉండగానే మోటారుకు కరెంటు ఆగిపోయేలా ఎలక్ట్రీషియన్ చేత కలిపించాము. ఈ పనులన్నీ కలిపినా వైండింగ్ కట్టించడానికయ్యే ఖర్చుకు పెద్ద తేడా రాలేదు. ఆ తర్వాత సుద్ద గీతల పరీక్ష మళ్లీ చేశాను. రెండు ట్యాంకుల మీదా గీతలు ఒకే వరుసలో దిగాయి.

నీళ్లు కదలకపోవడం తోడే వైపు నుంచే జరగాలని లేదు, పంపే వైపు నుంచి కూడా జరుగుతుంది. తాడిపత్రిలో ఉన్న మా పెద్దనాన్నగారి ఇంట్లో జరిగింది అలాంటిదే. పైన ట్యాంకు పొర్లిపోకుండా బంతి వాల్వు (నీటి మీద తేలే బంతితో మూసుకునేది, ముందు చెప్పిన బాల్ వాల్వు కాదు) పెట్టించారు. ట్యాంకు నిండగానే వాల్వు మూసుకుంటుంది. నీళ్లు పొర్లవు కనుక మోటారు ఆపాలన్న సంగతి ఎవరికీ గుర్తు రాదు. కింద మోటారు మాత్రం మూసిన దారి మీద తిరుగుతూనే ఉంటుంది. ఒకరోజు మోటారు దగ్గరి పీవీసీ పైపు వంగిపోయి, అతుకు దగ్గర వేడినీళ్లు కారుతుంటే విషయం బయటపడింది. మోటారును ఆపే ఏర్పాటు లేకుండా పై ట్యాంకులో బంతి వాల్వు పెట్టడం మోటారుకు ప్రమాదం. బంతి వాల్వు పెట్టదలచుకుంటే ఒక ఫ్లోట్ స్విచ్ కూడా తప్పకుండా పెట్టాలి.

ఇందులో ఇంకో సంగతి ఉన్నది. నీళ్లను తిప్పి అంచువైపు విసిరే మామూలు సెంట్రిఫ్యూగల్ పంపులో పంపే వైపు వాల్వు మూస్తే మోటారు మీద బరువు తగ్గుతుంది, కరెంటు తక్కువ తీసుకుంటుంది. ఇళ్లలో ఎక్కువగా కనిపించే అర హెచ్‌పీ సెల్ఫ్ ప్రైమింగ్ (తనంతట తానే నీళ్లను పీల్చుకునే) పంపులు చాలావరకు ఆ రకం కావు. వాటి ఇంపెల్లర్ అంచు చుట్టూ చిన్న చిన్న పళ్లుండే ఇత్తడి బిళ్ల. ఈ రకంలో పంపే దారి ఎంత మూసుకుంటే మోటారు మీద బరువు అంత పెరుగుతుంది, పూర్తిగా మూస్తే అన్నిటికంటే ఎక్కువ. కాబట్టి నీళ్ల వేగం తగ్గించడానికి వీటి వాల్వును సగం మూయడం పనికిరాదు. పైగా ఆ బిళ్లకూ హెడ్ గోడకూ మధ్య సందు కాగితమంత సన్నం. మిద్దె మీది ఇసుక రేణువులు అక్కడ చేరితే రెండు రకాల నష్టం జరుగుతుంది. నిదానంగానైతే సందు అరిగి ఒత్తిడి తగ్గుతుంది, ఒక్కసారిగానైతే బిళ్ల పట్టేస్తుంది. పంపుకు ముందు విప్పి కడుక్కోగల జల్లెడ తప్పనిసరి. దాని కళ్లు మరీ సన్నమైతే అదే పూడి నీళ్లను ఆపుతుంది కనుక, వానల కాలంలో దాన్ని తరచుగా చూసుకోవాలి.

వెనుక భాగం మాత్రమే వేడెక్కే మోటార్లకు మా వైపు ఎక్కువగా కనిపించే కారణం ఒకటి చెబుతాను. ఎండకూ వానకూ గురికాకూడదని తాడిపత్రి బండలనో, బేతంచెర్ల బండలనో మూడు పక్కలా నిలిపి, పైన ఒకటి కప్పి మోటారుకు గూడు కడతారు. ఫ్యాన్ వెనుక బండ అంగుళం దూరంలో ఉంటుంది. ఫ్యాన్ లోపలికి పీల్చుకునే గాలి అంతకు ముందు తాను బయటికి తోసిన వేడిగాలే అవుతుంది. మధ్యాహ్నం ఎండకు కాలిన పైబండ దానికి తోడవుతుంది. ఫ్యాన్ వెనుక కనీసం జానెడు ఖాళీ, ఎదురెదురుగా రెండు పక్కలు తెరిచి ఉంటే నీడా దక్కుతుంది, గాలీ ఆడుతుంది. ఫ్యాన్ కవరు కన్నాల్లో పేరుకున్న దుమ్మును పాత బ్రష్షుతో దులపడం కూడా మరవకూడదు.

వోల్టేజీ తగ్గడం వల్ల పుట్టే వేడి కూడా ఇదే చోట కనిపిస్తుంది. 230 వోల్టులు ఉండవలసిన చోట బాగా తగ్గితే మోటారు అదే పనికి ఎక్కువ కరెంటు లాగుతుంది. వైండింగ్‌లో వేడి కరెంటు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది కనుక, కరెంటు ఐదో వంతు పెరిగితే వేడి 44 శాతం పెరుగుతుంది. ఎలక్ట్రీషియన్ దగ్గర తీగ చుట్టూ పట్టించి కరెంటు కొలిచే క్లాంప్ మీటరు ఉంటుంది. మోటారు నీళ్లు పోస్తుండగా కొలిపించి, నేమ్‌ప్లేటు మీద రాసిన ఆంపియర్లతో పోల్చి చూస్తే ఊహలకు పని ఉండదు. వోల్టేజీ సరిగ్గా ఉండి కూడా మోటారు గుయ్‌మని మూలుగుతూ తిరగడానికి మొరాయిస్తుంటే అప్పుడు కెపాసిటర్‌ను అనుమానించవచ్చు. మెయిన్ ఆపిన తర్వాత కూడా కెపాసిటర్‌లో కరెంటు నిలిచి ఉంటుంది. తెలియనివారు దాన్ని ముట్టుకోకూడదు.

చివరగా, వాననీటి మోటారు ఎండాకాలంలో ఎదుర్కొనే పరిస్థితి వేరు. ట్యాంకులు ఎండిపోయిన తర్వాత అది నెలల తరబడి కదలకుండా ఉంటుంది. బోరు నీళ్లు ఇనుము మీద సున్నపు పొర కడతాయి. వాననీళ్లలో ఆ లవణాలు లేవు, పైగా కొద్దిగా ఆమ్ల గుణం ఉంటుంది. అందువల్ల పోత ఇనుప హెడ్ లోపల తుప్పు తొందరగా పడుతుంది, ఆ తుప్పు ఇంపెల్లర్‌ను గోడకు కరిపిస్తుంది. జూన్‌లో మొదటి వాన పడగానే ఉత్సాహంగా స్విచ్ వేస్తే మోటారు తిరగకుండా మూలుగుతుంది. అప్పుడు అది మామూలు కంటే కొన్ని రెట్లు కరెంటు లాగి నిమిషం లోపలే వేడెక్కుతుంది. కాబట్టి వేసవి మొదట్లోనే హెడ్ అడుగున ఉన్న డ్రెయిన్ బిరడా విప్పి నీళ్లు పూర్తిగా కారనివ్వాలి. మొదటి వాన తర్వాత, మెయిన్ ఆపి, ఫ్యాన్ కవరు తీసి, ఫ్యాన్‌ను చేత్తో రెండు చుట్లు తిప్పాలి. కొన్ని మోటార్లకు షాఫ్టు చివర స్క్రూడ్రైవరు పట్టే గాడి ఉంటుంది, దానితో తిప్పినా సరిపోతుంది. తేలికగా తిరిగితే కవరు బిగించి, ప్రైమింగ్ మూత తీసి హెడ్ నిండా నీళ్లు పోసి, అప్పుడు స్విచ్ వేయాలి. పట్టేసి ఉంటే బలవంతంగా స్విచ్ వేసి చూడకుండా మెకానిక్ చేత హెడ్ విప్పించి, తుప్పు గీకించి, పాత గాస్కెట్ (అతుకు మధ్య వేసే పలుచని పొర) స్థానంలో అదే మందం ఉన్న కొత్తది వేయించాలి. గాస్కెట్ మందం మారితే ఇంపెల్లర్ పక్కనున్న సందు మారిపోతుంది కనుక, ఆ పని జరిగేటప్పుడు దగ్గర ఉండి చూసుకోవడం మంచిది.